సరిహద్దు దాటే దారికి ప్లానూ డబ్బూ: తూము దగ్గర మొదలుపెట్టండి

నెల్లూరు, ఒంగోలు పక్కగా పోయే 16వ నంబరు జాతీయ రహదారికి ఇంకో నంబరు కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి పటంలో అది ఏషియన్ హైవే 45. కోల్‌కతాలో బయల్దేరి విజయవాడ, నెల్లూరు, చెన్నై మీదుగా బెంగళూరు చేరుతుంది. 32 దేశాల్లో 1,40,000 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న వలలో మన ముందున్న రోడ్డు ఒక పోగు. ఆ వల తాలూకు ఒప్పందం 2003లో ఖరారై, 2005 జూలై 4 నుంచి అమల్లోకి వచ్చింది. దారులకు నంబర్లిచ్చింది, వెడల్పులు చెప్పింది, బోర్డులు ఎలా ఉండాలో చెప్పింది. పైసా మాత్రం ఇవ్వలేదు. ఏ దేశం ముక్కను ఆ దేశమే కట్టుకోవాలి.

ఐరోపా సంఘం పద్ధతి వేరు. పటం, గడువు, డబ్బు మూడింటినీ చట్టంలోనే పెట్టింది. 2024లో సవరించిన నిబంధన ప్రకారం కోర్ నెట్‌వర్క్ (అతి ముఖ్యమైన దారుల వల) 2030కి, దాని పొడిగింపు 2040కి, మిగతాదంతా 2050కి పూర్తి కావాలి. 2021–27 బడ్జెట్లో రవాణాకు దాదాపు 2,580 కోట్ల యూరోలు కేటాయించారు. అంత చట్టం, అంత డబ్బు ఉన్నా అక్కడా గడువులు తప్పుతున్నాయి. తప్పుతున్నది ఎక్కువగా ఒకే చోట: రెండు వైపుల పనులూ కలవాల్సిన దగ్గర.

కన్సల్టెన్సీలోనో, పోర్టు కంపెనీలోనో, హైవే లేదా రైల్వే ఆఫీసులోనో ఉండి సరిహద్దు దాటే ఇలాంటి కారిడార్ (సరుకు సాగే ప్రధాన దారి) రిపోర్టు మీద కూర్చోవలసి వచ్చినవాళ్ల కోసం ఈ వివరం. రాష్ట్రాల మధ్య దారికీ ఇదే లెక్క పనికొస్తుంది. కస్టమ్స్, వీసాల ముక్క తీసేస్తే సరి.

ముందు తూము కొలవండి

కాలువ ఎంత వెడల్పు తవ్వినా పొలానికి పారేది తూము పట్టినంతే. కండలేరు–పూండి కాలువ దీనికి దగ్గరి ఉదాహరణ. 1983 తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు తమిళనాడుకు సరిహద్దులోని జీరో పాయింటు దగ్గర అప్పగించాలి. ఇవతల 152 కి.మీ. కాలువ, అవతల 25 కి.మీ. 1996లో నీళ్లు పారాయి. కానీ కట్టలు జారి, నీరు ఇంకి, చివరకు చేరింది తక్కువ. తర్వాత సత్యసాయి ట్రస్టు కాలువకు లైనింగ్ బాగుచేయించాకే ప్రవాహం నిలబడింది. జలాశయం పెద్దది, ఒప్పందం పక్కాది, అయినా మధ్యలో బలహీనమైన కొన్ని కిలోమీటర్లే మొత్తాన్ని శాసించాయి. ఆ ఒప్పందంలో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అప్పగింత ఎంతో సరిహద్దు దగ్గరే కొలిచేలా రాసుకున్నారు. రవాణా కారిడార్లలో చాలామంది ఆ పని చేయరు. ఎవరి భూభాగంలో ఎన్ని కిలోమీటర్లు వేశామన్నదే లెక్కపెట్టుకుంటారు.

కాబట్టి అలైన్‌మెంటు (దారి పోయే గీత) గీయకముందే ఒక పెద్ద షీటు తీసుకోండి. కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకు ముక్కలుగా రాయండి. ప్రతి ముక్కకూ ఈ గళ్లు ఉండాలి: పొడవు, ఎవరిది, ఎన్ని లేన్లు లేదా ట్రాకులు, అనుమతించే యాక్సిల్ (ఇరుసు) బరువు, రైలైతే పట్టే గరిష్ఠ పొడవు, వంతెనల కింద ఎత్తు, రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, డబ్బు మంజూరైందా, పూర్తయ్యే తేదీ. నింపడం అయ్యాక పొడవు తప్ప మిగతా ప్రతి గడినీ అన్ని ముక్కలకూ పోల్చి, అతి చిన్న అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. తేదీల గడిలో మాత్రం అన్నింటికంటే ఆలస్యమైనదాని చుట్టూ. అవే మీ తూములు. ఎర్ర సున్నా పడని ముక్కను వెడల్పు చేయడానికి ఎవరు డబ్బడిగినా ఈ షీటు వాళ్ల ముందు పెట్టండి.

తేదీల గడిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో స్విట్జర్లాండ్ చెబుతుంది. 57 కి.మీ. గోట్‌హార్డ్ సొరంగాన్ని 2016లో తెరిచారు. లారీల మీద వేసిన ప్రత్యేక రుసుము సొమ్ము కూడా అందులో ఉంది. ఉత్తరాన జర్మనీ వైపు కార్ల్స్‌రూయె–బాసెల్ లైనును నాలుగు ట్రాకులు చేస్తామని 1996లోనే రెండు దేశాలూ రాసుకున్నాయి. ఆ పని 2040ల్లో గాని పూర్తికాదు. సొరంగం సిద్ధం, దానికి చేర్చే దారి కాలేదు.

ఈ ఆలస్యాన్ని రూపాయల్లోకి మార్చడం కష్టం కాదు. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఆర్థిక లెక్కలకు సాధారణంగా 9 శాతం గీటురాయిగా వాడుతుంది. ఆ రేటున ఐదేళ్లు ఆలస్యంగా వచ్చే రూపాయి లాభం నేటి విలువ, 1.09ని ఐదుసార్లు హెచ్చవేసి, ఒకటిని దానితో భాగిస్తే వచ్చేదే. అంటే 0.65. లాభాల్లో 35 శాతం గాలికి పోయినట్టు. ఖర్చు మాత్రం ముందే అయిపోయింది. బెనిఫిట్–కాస్ట్ నిష్పత్తి (ఖర్చుకు లాభం ఎన్ని రెట్లో) 1.4 అని చూపించిన ప్రాజెక్టు ఈ ఒక్క కారణంతో 0.91కి పడిపోతుంది. అందువల్ల రిపోర్టులో లాభాలను సొరంగమో వంతెనో పూర్తయిన ఏడాది నుంచి కాదు, ఆఖరి ముక్క తెరిచిన ఏడాది నుంచి లెక్కకట్టాలి. చాలా రిపోర్టులు ఇక్కడే తమను తాము మోసం చేసుకుంటాయి.

బళ్ల లెక్కింపు

రోడ్డు మీద ఏడు రోజులు, 24 గంటలూ రకాలవారీ లెక్కింపు మామూలే. సరిహద్దు దారికి అది సరిపోదు. బండి ఎక్కడ బయల్దేరింది, సరుకు చివరకు ఎక్కడ దిగుతుంది అని అడిగి రాసే సర్వే తప్పకుండా చేయాలి. సరిహద్దు దగ్గర సరుకు ఒక బండి నుంచి ఇంకో బండికి మారితే ఆ రెండు బళ్లలోదీ ఒకే సరుకు. లెక్కలో ఒకే సరుకును రెండుసార్లు పట్టుకునే ప్రమాదం ఉంది.

కాలం చూసి లెక్కపెట్టండి. నెల్లూరు పరిసరాల్లో వరి కోతల నెలలో ధాన్యం లారీలు, రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐసు బళ్లు, కంటైనర్లు అంకెను పైకెత్తుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు కిందకు లాగుతాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒకటి కోతల కాలంలో, ఒకటి మామూలు నెలలో చేయండి.

యాక్సిల్ బరువు సర్వేకు ఐఆర్‌సీ 37 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు డిజైన్ ప్రమాణం) కొలత పాటిస్తే చాలు. రోజుకు 3,000 లోపు వాణిజ్య వాహనాలుంటే 20 శాతం, 3,000–6,000 అయితే 15 శాతం, ఆపైన 10 శాతం బళ్లను తూకం వేయాలి. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు మోసే దారి అయితే ఈ శాతాన్ని ఖాళీ బళ్లతో నింపకండి. లోడుతో వెళ్లే వైపు, ఖాళీగా తిరిగొచ్చే వైపు వేర్వేరుగా రాయండి.

ఇంకో పొరపాటు ఉంది, అది పెద్దది. ఇప్పుడు సరిహద్దు దాటుతున్న బళ్లను లెక్కపెట్టి, ఏటా 5 శాతం పెంచి, ఇదే భవిష్యత్తు అని రాయడం. దారి బాగోలేదు కాబట్టే బళ్లు తక్కువున్నాయి. సరుకు ఓడలో పోతోంది, లేదా అసలు కదలడం లేదు. కాబట్టి రెండు వైపులా ఉన్న గోదాములు, ఫ్యాక్టరీలు, ఓడరేవుల్లో అడిగి, దారి బాగైతే ఏ సరుకు ఎంత మారుతుందో టన్నుల్లో విడిగా అంచనా వేయాలి. ఆ అంచనాను మామూలు అంకెతో కలపకుండా వేరే వరుసలో చూపించండి. రేపు అప్పిచ్చేవాడు దాన్ని సగానికి కోస్తాడు. కోసినా ప్రాజెక్టు నిలబడుతుందో లేదో మీకే ముందు తెలియాలి.

కొలతలు కలవకపోతే

రైలు విషయంలో మొదటి ప్రశ్న గేజ్, అంటే పట్టాల మధ్య దూరం. మనది 1,676 మి.మీ. మయన్మార్, థాయిలాండ్‌లలో 1,000, చైనాలో 1,435, మధ్య ఆసియాలో 1,520. గేజ్ మారే చోట ముఖ్యంగా మూడు దారులు: బోగీలు (పెట్టె కింది చక్రాల చట్రాలు) మార్చడం, కంటైనర్లను క్రేనుతో ఒక రైలు నుంచి ఇంకో రైలుకు ఎత్తడం, లేదా మూడో పట్టా వేసి ద్వంద్వ గేజ్ చేయడం. కంటైనర్లే ఎక్కువైతే క్రేనుతో ఎత్తడమే చౌక. బొగ్గు, ఖనిజం లాంటి గుట్టల సరుకైతే బోగీల మార్పు గురించి ఆలోచించాలి. 1,676కూ 1,435కూ మధ్య తేడా 241 మి.మీ. ఉంది కాబట్టి ఒకే స్లీపరు మీద మూడో పట్టా కుదురుతుంది. తేడా చాలా తక్కువైతే రెండు పట్టాలకూ చోటు చాలదు, నాలుగు పట్టాలు వేయాల్సి వస్తుంది.

ఐరోపాలో గేజ్ చాలావరకు ఒకటే, కరెంటు మాత్రం వేరు. జర్మనీలో 15 కిలోవోల్టులు, ఇటలీ పాత లైన్లలో 3 కిలోవోల్టుల డీసీ, ఫ్రాన్స్‌లో 25 కిలోవోల్టులతో పాటు 1.5 కిలోవోల్టుల డీసీ. అందుకే కోర్ నెట్‌వర్క్ సరుకు లైన్లకు ఒకే కొలతలు రాశారు: 740 మీటర్ల రైలు పట్టాలి, యాక్సిల్‌కు 22.5 టన్నులు మోయాలి, గంటకు 100 కి.మీ. పోవాలి, ఒకే సిగ్నల్ వ్యవస్థ ఉండాలి. 740 మీటర్లు చూడటానికి చిన్న సంగతే. ఒక్క క్రాసింగ్ స్టేషనులో లూప్ లైను (రైలు పక్కకు తప్పుకునే పట్టా) 600 మీటర్లే ఉంటే కారిడార్ అంతటా రైళ్లు 600 మీటర్లకే కుదించుకోవాలి. కొత్త సొరంగం తవ్వడం కంటే ఇలాంటి లూపులు పొడిగించడంలో రూపాయికి వచ్చే లాభం తరచు ఎక్కువ. అయినా రిబ్బను కత్తిరించే ముహూర్తం లూపులకు రాదు, అందుకే అవి వెనకబడతాయి.

రోడ్డులో యాక్సిల్ బరువే అసలు తగువు. మనదేశంలో 2018లో ఒంటి యాక్సిల్ పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కి, టాండెంను (జంట యాక్సిల్) 19 నుంచి 21కి పెంచారు. రోడ్డుకు జరిగే నష్టం బరువు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని ఇంజినీర్లు లెక్కవేస్తారు. 11.5ను 10.2తో భాగించి నాలుగుసార్లు హెచ్చిస్తే 1.6 వస్తుంది. అంటే అవతలి రోడ్డును 10.2కే కట్టి ఉంటే, మన చట్టబద్ధమైన బండే అక్కడ ఒక్కో యాక్సిల్‌కు 60 శాతం ఎక్కువ నష్టం చేస్తుంది. సరిహద్దులో గొడవ ఇక్కడ మొదలవుతుంది. పరిమితి ఎంతో ఒప్పందంలో రాసుకోవాలి, పేవ్‌మెంటును (రోడ్డు పొరలను) రెండు వైపులా అదే అంకెకు డిజైన్ చేయాలి.

ఏ పక్కన నడపాలన్న దానికీ డ్రాయింగు కావాలి. మనం ఎడమ, మయన్మార్ కుడి. థాయిలాండ్, లావోస్ మధ్య 1994లో తెరిచిన స్నేహ వంతెన దగ్గర ఒక చివరన బళ్లు పక్క మారే కూడలి పెట్టాల్సి వచ్చింది. ఈ మార్పును వంతెన మీద ఎప్పుడూ పెట్టకండి. సిగ్నల్, దీపాలు, విభాగిని కట్టడానికి చోటున్న నేల మీదే పెట్టండి.

సరిహద్దు యార్డుకు చిన్న లెక్క

రోజుకు ఒక వైపు 300 లారీలు వస్తాయనుకుందాం. ఒక్కో లారీ కాగితాలు, తూకం, తనిఖీకి 20 నిమిషాలు. ఆఫీసు రోజుకు 10 గంటలు తెరుస్తారు. ఒక లేను గంటకు 3, రోజుకు 30 బళ్లు పంపుతుంది. నాలుగు లేన్లు కడితే 120. రోజూ 180 లారీలు మిగిలిపోతాయి. వారం తిరిగేసరికి 1,260 అవుతాయి. ఒక్కో లారీకి తిరిగే చోటుతో కలిపి 150 చదరపు మీటర్లు వేసుకున్నా దాదాపు 19 హెక్టార్ల పార్కింగు కావాలి. అదీ వారం రోజులకే.

ఇప్పుడు ఇంకా ఆరు లేన్లు కట్టకుండా వేళలను 20 గంటలకు పెంచండి. అవే నాలుగు లేన్లు 240 పంపుతాయి. ముందుగా కాగితాలు ఆన్‌లైన్లో తీసుకుని 20 నిమిషాలను 15కి దించితే 320. సమస్య తీరింది. కాంక్రీటు ఒక్క బస్తా కూడా పోయలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి తడ దగ్గర వాణిజ్య పన్నుల తనిఖీ ఎత్తేశాక లారీలు కదిలిన తీరు ఈ లెక్కకు సాక్ష్యం. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే 2009 డిసెంబరులో చిరుండు దగ్గర ఒకే చోట ఇద్దరి తనిఖీ జరిగే చెక్‌పోస్టు తెరిచాయి. బండి ఒకసారే ఆగుతుంది, రెండు దేశాల అధికారులూ ఒకే ఆవరణలో కూర్చుంటారు. దీనికి చట్టం మార్చాలి. ఒక దేశం అధికారి ఇంకో దేశం నేల మీద పనిచేసే అధికారం పార్లమెంటే ఇవ్వాలి. భవనం కట్టేశాక ఈ సంగతి గుర్తొస్తే బోసిపోయిన గదులు మిగులుతాయి. ముందు చట్టం, తర్వాత టెండరు.

సీలు వేసిన కంటైనర్‌ను దారిలో మళ్లీ తెరవకుండా పంపే టీఐఆర్ పద్ధతిలో భారత్ 2017లో చేరింది. మీ కారిడార్‌లోని అన్ని దేశాలూ అందులో ఉన్నాయో లేదో షీటులో ఇంకో గడి పెట్టుకోండి. రొయ్యల కంటైనర్లు పోయే దారి అయితే యార్డులో త్రీ-ఫేజ్ కరెంటు ప్లగ్గులు, వాటికి జనరేటరు తప్పనిసరి. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు క్యూలో ఎనిమిది గంటలు కరెంటు లేకుండా నిలబడితే దావా ఎవరి మీద వేయాలో కూడా ఎవరికీ తెలియదు.

ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది

డబ్బు దగ్గర కొట్లాట ఎందుకొస్తుందో ఒక ఊహా లెక్కతో చూడండి. సరిహద్దు నది మీద వంతెన, అప్రోచ్ రోడ్లు కలిపి 1,000 కోట్లు. నేల వాలు వల్ల 'అ' దేశం వైపు ఖర్చు 700, 'ఆ' దేశం వైపు 300. నేటి విలువలో లాభం 'అ'కు 600, 'ఆ'కు 1,200. మొత్తంగా ప్రాజెక్టు బంగారం: 1,000 పెడితే 1,800. కానీ 'అ' దేశం ఆర్థిక శాఖ తన ఖాతా మాత్రమే చూస్తుంది. 700 పెట్టి 600 తెచ్చుకోవాలి. అది 'కాదు' అని చెప్పదు. 'పరిశీలనలో ఉంది' అంటుంది. పదేళ్లు పరిశీలిస్తుంది.

లాభాల నిష్పత్తిలో ఖర్చు పంచితే 'అ' వాటా 333, 'ఆ' వాటా 667. అంటే 'ఆ' దేశం 367 కోట్లు పక్క దేశానికి చెల్లించాలి. ఏ మంత్రి కూడా పక్క దేశం నేల మీద తన పన్ను డబ్బు పెట్టానని చెప్పుకోడానికి ఇష్టపడడు. అందుకే లోకంలో మూడు పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

ఒకటి, పైనుంచి గ్రాంటు. ఐరోపా నిధి మామూలు పనులకు 30 శాతం దాకా ఇస్తే, సరిహద్దు దాటే పనులకు 50 శాతం దాకా, వెనకబడిన దేశాలకు 85 శాతం దాకా ఇస్తుంది. సర్వేలు, డిజైన్ల లాంటి అధ్యయనాలకు 50. పై ఉదాహరణలో సగం గ్రాంటు వస్తే 'అ' పెట్టాల్సింది 350, వచ్చేది 600. ఫైలు కదులుతుంది. సరిహద్దుకే ఎక్కువ రేటు ఎందుకిచ్చారో ఈ కూడికే చెబుతుంది.

రెండు, ఉమ్మడి కంపెనీ పెట్టి, అప్పు తెచ్చి, టోలుతో తీర్చడం. డెన్మార్క్, స్వీడన్ మధ్య 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన ఇలాంటిదే. కంపెనీలో చెరి సగం, అప్పుకు రెండు ప్రభుత్వాల హామీ, తిరిగి చెల్లింపు టోలు, రైలు రుసుముల నుంచి. హామీ వల్ల వడ్డీ తగ్గుతుంది. హామీ లేకుండా ప్రైవేటు డబ్బుతోనే కట్టిన ఛానెల్ టన్నెల్ నిర్మాణ ఖర్చు అంచనాను 80 శాతం దాటింది. పెట్టుబడిదారులు చాలా ఏళ్లు అప్పుల సర్దుబాట్లలో నలిగారు.

మూడు, ఒకరే మోయడం. డెన్మార్క్, జర్మనీల మధ్య 18 కి.మీ. ఫేమర్న్‌బెల్ట్ సముద్ర సొరంగం ఖర్చు డెన్మార్క్‌దే, టోలూ డెన్మార్క్‌కే. జర్మనీ తన నేల మీద రైలు మార్గం మాత్రం కడుతుంది. 2008లో సంతకాలయ్యాయి. చిక్కు ఎక్కడొచ్చిందో ఊహించవచ్చు. జర్మనీ వైపు లైను వెనకబడింది. సొరంగంలో వాటా లేనివాడికి తొందర ఉండదు.

మన దగ్గర ఓబులవారిపల్లె–కృష్ణపట్నం రైలు మార్గం రెండో పద్ధతికి చిన్న రూపం. దాదాపు 113 కి.మీ., వెలిగొండల్లో ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం. రైల్ వికాస్ నిగమ్ (రైల్వే శాఖ కింది కంపెనీ), పోర్టు, రాష్ట్ర ప్రభుత్వం తదితరులు వాటాదారులుగా ప్రత్యేక కంపెనీ పెట్టారు. రైళ్లు నడిపేది రైల్వే, సరుకు ఆదాయంలో వాటా కంపెనీకి. 2019లో పూర్తయ్యాక గూడూరు–రేణిగుంట చుట్టుదారి తప్పింది. లాభం ఎవరికి వస్తుందో వాళ్లే వాటా పెట్టడం ఇందులో కిటుకు. వాటాదారు ఒకరు సరుకు తెస్తానన్న ఫ్యాక్టరీ కట్టకపోతే ఆదాయం పడిపోతుంది. కనీస సరుకు హామీని వాటాల ఒప్పందంలోనే రాయించుకోవాలి.

విదేశీ కరెన్సీ అప్పు చౌకగా కనబడుతుంది. టోలు మాత్రం రూపాయల్లో వస్తుంది. రూపాయికి డాలరు ఏటా 3 శాతం ఖరీదైతే 15వ ఏట కట్టే వాయిదా 56 శాతం బరువెక్కుతుంది. రెండు శాతం వడ్డీ తేడా చూసి సంబరపడేవాళ్లు ఈ వరుస కూడా వేసి చూడాలి.

దరఖాస్తులో ఏం చూస్తారు

ఐరోపా నిధిలో మార్కులు వేసేది ఐదు సంగతులకు: ప్రాధాన్యం–తొందర, సన్నద్ధత, నాణ్యత, ప్రభావం, గ్రాంటు లేకపోతే పని ఆగిపోతుందా అన్నది. ఎక్కువ ఫైళ్లు సన్నద్ధత దగ్గర ఆగిపోతాయి. అనుమతులు పెండింగు, భూమి రాలేదు, సొంత వాటా డబ్బుకు బడ్జెట్ హెడ్ లేదు. ఇచ్చిన గడువులో ఖర్చు చేయకపోతే డబ్బు వెనక్కి పోతుంది, ఇంకొకరికి వెళ్తుంది. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు, ప్రపంచ బ్యాంకు పేర్లు వేరు, ప్రశ్నలు ఇవే. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు 2016లో ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 63.1 కోట్ల డాలర్లు ఆమోదించినప్పుడు అందులో ఒక భాగాన్ని కట్టడాలకు కాక విధాన సంస్కరణలకు ముడిపెట్టింది. చెక్‌పోస్టు వేళలు, ఒకే కిటికీ అనుమతుల లాంటివాటిని మీరే ముందు రాసి తీసుకెళ్తే ఆ భాగం సులువుగా వస్తుంది.

ఖర్చు అంచనాను డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) పూర్తికాకముందే బయటకు చెప్పకండి. మూడు బాల్టిక్ దేశాల 870 కి.మీ. రైల్ బాల్టికా ఖర్చు 2017లో 580 కోట్ల యూరోలన్నారు. 2024 నాటికి పూర్తి రూపానికి 2,400 కోట్ల దగ్గరికి వెళ్లింది. ద్రవ్యోల్బణం ఒక కారణం. డిజైను పూర్తికాకముందు వేసిన అంకె కావడం ఇంకో కారణం. ఫీజిబిలిటీ దశలో ఒకే అంకె కాక రెండంకెల మధ్య వ్యత్యాసం చెప్పే అలవాటు చేసుకోండి.

ఒప్పందంలో రాయాల్సినవి

సంతకం ఒకటి, ఆమోదం ఇంకొకటి. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ 2015 జూన్‌లో థింపులో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. భూటాన్ ఎగువసభ ఆమోదించలేదు. మిగతా మూడు దేశాలు ముందుకు సాగాలని నిర్ణయించాయి. కాబట్టి ఎంతమంది ఆమోదిస్తే అమలవుతుందో, రానివాళ్లు లేకుండా సాగవచ్చో ముందే రాయాలి.

మిగతావాటిలో ముఖ్యమైనవి: రెండు వైపులా ముక్కలు పూర్తయ్యే తేదీలు, తప్పితే చెల్లించాల్సిన మొత్తం. తగువు వస్తే ఏ మధ్యవర్తి, ఏ దేశ చట్టం. ప్రమాదమైతే అంబులెన్సు, అగ్నిమాపకం సరిహద్దు దాటే అనుమతి. నడిపేవాళ్ల భాష. ఈ చివరిది వింతగా అనిపించవచ్చు. 2017 ఆగస్టులో జర్మనీలో రాష్టాట్ దగ్గర నిర్మాణంలో ఉన్న సొరంగం వల్ల పైనున్న లైను కుంగి ఏడు వారాలు మూతపడింది. ఫ్రాన్స్ మీదుగా తిప్పుదామంటే ఫ్రెంచ్ తెలిసిన డ్రైవర్లు, అక్కడి లైన్లకు సరిపడే ఇంజన్లు చాలలేదు. సరుకు నిలిచిపోయింది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలూ రెండూ తెగి కోల్‌కతా–చెన్నై దారి ఆగినప్పుడు మనకు భాష సమస్య రాలేదు గాని, ప్రత్యామ్నాయం లేని చోట కారిడార్ ఎంత పెళుసో తెలిసింది. మళ్లింపు దారిని పటంలో గీసి ఊరుకోకుండా, ఏడాదికొకసారి నిజంగా ఒక రైలునో, బళ్ల వరుసనో దాని మీద నడిపి చూడాలి.

భూమి, పని వరుస

జాతీయ రహదారుల చట్టంలో 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకుంటామన్న తొలి ప్రకటన) ఇచ్చాక ఏడాదిలోపు 3డీ ప్రకటన (సేకరణను ఖరారు చేసేది) రాకపోతే మొదటిది రద్దయినట్టే. సరిహద్దు ముక్కల్లో ఇది తరచు జరుగుతుంది, అవతలివాళ్లు అలైన్‌మెంటు మార్చేదాకా ఇవతల ఆగుతారు గనక. కాబట్టి రెండు వైపుల సర్వేయర్లు ఒకే రోజు నిలబడి కలిసే బిందువుకు రాయి పాతి, దాని నిర్దేశాంకాలు, ఎత్తు ఇద్దరూ సంతకం చేశాకే 3ఏ ఇవ్వండి. ఎత్తు మర్చిపోవద్దు. రెండు దేశాల సముద్ర మట్టపు ప్రమాణాలు వేరైతే వంతెన రెండు చివరలూ ఎదురెదురుగా వచ్చి ఒకటి పైన, ఒకటి కింద నిలబడతాయి.

హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో ప్రభుత్వం 40 శాతం నిర్మాణంలో ఇచ్చి, మిగతా 60 శాతం 15 ఏళ్లలో వాయిదాలుగా ఇస్తుంది. 80 శాతం భూమి చేతికి రాకుండా పని మొదలుపెట్టడం కాంట్రాక్టరుకు నష్టపరిహారం రాసివ్వడమే. రెండు వైపులా మొదటి టెండరు సరిహద్దు ముక్కకే పిలవాలి. మన వైపు మధ్యలో పని చేసి చూపించుకోవడం సులువు, కానీ అది వెనక్కి తోయదగిన పని.

పూర్తయ్యాక

బకింగ్‌హామ్ కాలువ ఒకప్పుడు ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదగంజాం నుంచి మద్రాసు దాకా 316 కి.మీ. పడవలు నడిపింది. ఉప్పు, ధాన్యం, కట్టెలు అందులోనే పోయేవి. పూడిక తీసే డబ్బు లేక, తుపాన్లకు గట్లు తెగి, లాకులు పాడై, చివరకు ఆగిపోయింది. 2008లో జాతీయ జలమార్గం 4లో దాన్ని చేర్చారు. చేర్చినంత మాత్రాన పూడిక పోదు.

అప్పు ఒప్పందంలోనే నిర్వహణ ఖాతా తెరిపించండి. టోలు వసూలులో రోజువారీ నిర్వహణ మొదట, వాయిదా తర్వాత అని రాయించుకోండి. రోడ్డు గుంతలు పడితే వాయిదా కూడా రాదు. పెద్ద మరమ్మతుకు, అంటే ఏడెనిమిదేళ్లకొకసారి పైపొర మార్చడానికి, ఏటా కొంత పక్కన పెట్టే రిజర్వు వేరుగా ఉండాలి. రెండు దేశాల తనిఖీ బృందాలు కలిసి వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సరిహద్దుకు ఇరువైపులా 20 కి.మీ. నడిచి చూడాలి. ఆ రిపోర్టు మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే ఆ ఏటి రిజర్వులోంచి డబ్బు కదలాలి.